చెమట పట్టని ఎండ

ఈసారి ఇంట్రో మ్యూజిక్ పెట్టలేదు, గమనించే ఉంటారు. ముందు నేను ఒక మాట వెనక్కి తీసుకోవాలి, ఆ తర్వాతే మిగతా విషయం.

మేము ఫీనిక్స్ వచ్చిన మొదటి వేసవిలో ఒక వీడియో చేశాను. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, "రెంటచింతల పక్కన పుట్టినోడికి ఫీనిక్స్ ఒక లెక్కా?" అన్నాను. మన ఛానల్‌లో బాగా ఆడిన వీడియోల్లో అదొకటి. ఇప్పుడు వెతికితే దొరకదు. తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఈ ఎపిసోడ్. కొత్తగా ఇక్కడికి వస్తున్నవాళ్ళు, ముఖ్యంగా అమ్మానాన్నల్ని వేసవిలో పిలిపించుకుంటున్నవాళ్ళు, దయచేసి చివరిదాకా చూడండి.

ఊరి గురించి రెండు ముక్కలు. ఫీనిక్స్ అరిజోనా రాష్ట్రంలో ఉంది, సోనోరన్ ఎడారి మధ్యలో. టెంపీలో యూనివర్సిటీ ఉంది కాబట్టి మన పిల్లలు ఎక్కువ. చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే కంపెనీలున్నాయి కాబట్టి మన ఫ్యామిలీలు ఎక్కువ. మేముండేది చాండ్లర్ వైపే. ఇక్కడ ఏడాదికి పడే వాన ఏడు అంగుళాలు, అంటే సుమారు 180 మిల్లీమీటర్లు. మనం కరువు సీమ అని చెప్పుకునే అనంతపురంలో దీనికి మూడు రెట్లు పడుతుంది. ఇక ఎండ అంటారా, 1990 జూన్ 26న 122 డిగ్రీలు కొట్టింది, అంటే మన లెక్కలో 50. అది రికార్డు. కానీ ఆ ఒక్కరోజు రికార్డుతో మనల్ని భయపెట్టలేరు, మనమూ ఎండలు చూసినవాళ్ళమే. భయపెట్టాల్సిన అంకె వేరే ఉంది. 2023లో 31 రోజులు వరసగా, ఒక్కరోజు కూడా విడవకుండా, 110 డిగ్రీలు దాటింది. అంటే 43.3 సెల్సియస్. అదే జులైలో ఒక రాత్రి కనిష్ట ఉష్ణోగ్రత 97 దగ్గర ఆగిపోయింది. 36 సెల్సియస్, అదీ తెల్లవారుజామున! మనకి వేసవిలో డాబా మీద నీళ్ళు చల్లి, మంచం వేసుకుంటే మూడింటికి కాస్త చల్లగాలి తగులుతుంది కదా. ఇక్కడ ఆ మూడింటి గాలి రాదు. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రంతా కక్కుతూనే ఉంటుంది.

ఆ ఒక్క ఏడాది, 2023లో, ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఎండ వల్ల చనిపోయినవాళ్ళు 645 మంది. కౌంటీ వాళ్ళ లెక్కే ఇది. అందులో సుమారు నాలుగో వంతు మంది ఇంట్లో ఉండి చనిపోయారు, ఎక్కువగా ఏసీ చెడిపోయిన ఇళ్ళల్లో. ప్రపంచంలోకెల్లా ధనిక దేశం, ఇంటింటికీ ఏసీ ఉన్న ఊరు. ఈ అంకె నేను ఆ వీడియో చేసేటప్పుడు చూడలేదు. చూసినా పట్టించుకునేవాడిని కాదేమో.

సరే, అసలు ఈ పొడి ఎండ మనల్ని ఎలా బోల్తా కొట్టిస్తుందో చెప్తాను.

మన ఒళ్ళు చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, ఆ చెమట ఆవిరవడం వల్ల. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. విజయవాడలో, నెల్లూరులో గాలిలో ముందే తేమ ఉంటుంది, చెమట ఆరదు, కారిపోతుంది. దాన్నే మనం ఉక్కపోత అంటాం. ప్రాణం విసుగెత్తిపోతుంది, నీడకి పారిపోతాం, చొక్కా విప్పేస్తాం, మంచినీళ్ళు అడుగుతాం. అంటే ఉక్కపోత మనల్ని తిట్టి తిట్టి ఇంట్లోకి తోలుతుంది. ఫీనిక్స్‌లో జూన్ మధ్యాహ్నం గాలిలో తేమ పది శాతం కన్నా తక్కువకి పడిపోతుంది. చెమట చర్మం మీదకి వచ్చీ రాకముందే గాలి తాగేస్తుంది. చంక తడవదు, నుదురు తడవదు. గంటకి లీటరు దాకా నీళ్ళు పోతున్నా మనకి తెలీదు. పైగా ఆవిరి బాగా అవుతోంది కాబట్టి మొదటి అరగంట నిజంగానే హాయిగా ఉంటుంది. ఇక్కడి అమెరికన్లు కూడా "బట్ ఇట్స్ ఎ డ్రై హీట్" అని జోకులేసుకుంటూ ఉంటారు. ఆ జోకులో సగం నిజం ఉంది. మిగతా సగం ఏంటో మా నాన్న వల్ల తెలిసింది.

మా పల్నాడు గాలి కూడా మే నెలలో పొడిగానే ఉంటుందిలెండి, కోస్తా లాగా కాదు. కానీ ఇంత పొడి కాదు. మా నాన్న మిరపతోటలో పని చేసి వస్తే బనియను పిండితే నీళ్ళు కారేవి. ఆ బనియనే ఆయనకి మీటరు. తడిస్తే వచ్చి వేపచెట్టు కింద కూర్చుంటాడు, ముంతెడు మజ్జిగ తాగుతాడు, ఆరితే మళ్ళీ వెళ్తాడు. నలభై ఏళ్ళు ఆ మీటరు చూసుకునే బతికాడు.

ఇక్కడ ఆ మీటరు పనిచేయదు.

అమ్మానాన్నలు మా దగ్గరికి కిందటేడు జూన్ మొదటి వారంలో వచ్చారు. జూన్‌లో ఎందుకు పిలిచావురా అంటే, టికెట్ కలిసొచ్చింది, మిరప పనులు అయిపోయాయి, మళ్ళీ దుక్కులు మొదలయ్యేలోపు ఖాళీ. ఆ వీడియో చేసినవాడిని కదా, ఎండ గురించి నేను రెండో ఆలోచన చేయలేదు. దిగిన రెండోరోజే నాన్న పెరట్లోకి వెళ్ళి పది నిమిషాలు నిలబడి వచ్చి, "ఏందిరా, ఇదేనా మీ ఎండ? చెమటే పట్టట్లా. మనూరి కన్నా ఇదే నయం" అన్నాడు. నేను నవ్వాను. ఫోన్‌లో రికార్డు కూడా చేశాను, వీడియోకి పనికొస్తుందని.

ఆయనకి కష్టమైంది ఎండ కాదు, ఇల్లు. పొద్దున లేస్తే కిటికీలకి తెరలు, ఏసీ చప్పుడు, ఎవరూ తలుపు కొట్టరు. పేపర్ లేదు, టీ కొట్టు లేదు. మా ఆవిడ ఆఫీసుకి వెళ్ళిపోతుంది, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎడిటింగ్‌లో కూర్చుంటాను. ఐదోరోజో ఆరోరోజో పదిన్నరకి వచ్చి, "ఆ చెరువు దాకా పోయొస్తా" అన్నాడు. చెరువు అంటే ఇక్కడ కాలనీ మధ్యలో తవ్విన చిన్న నీటిగుంట, చుట్టూ బాతులుంటాయి. మా ఇంటికి కిలోమీటరున్నర. నేను హెడ్‌ఫోన్ ఒక పక్క మాత్రమే తీసి "సరే నాన్నా, త్వరగా వచ్చేయ్" అన్నాను. ఆ టైమ్‌కే బయట 103 ఉంది. నేను చూడలేదు. ఆయన హవాయి చెప్పులు, తలకి కండువా. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి వెళ్ళాడు.

ఇక్కడి కాలనీలు చూడనివాళ్ళకి ఒకటి చెప్పాలి. ఇళ్ళన్నీ ఒకటే రంగు, ఇసుక రంగు. రోడ్డు పక్కన రెండువైపులా ఆరడుగుల సిమెంటు ఇటుకల గోడ, ఆ గోడ వెనక ఇళ్ళ పెరళ్ళు. అంటే ఆ రోడ్డు మీదకి ఒక్క ఇంటి తలుపు కూడా తెరుచుకోదు. నీడ ఇచ్చే చెట్లు చాలా తక్కువ. పాలో వెర్డె అని ఒక చెట్టుంటుంది, కాండం కూడా పచ్చగా ఉంటుంది, నీళ్ళు ఆదా చేసుకోవడానికి ఆకులు రాల్చేసి బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. చెట్టుగా గొప్ప తెలివైందే, నీడ మాత్రం జల్లెడ పట్టినట్టుంటుంది. నాన్న తిరిగొచ్చేటప్పుడు మలుపు తప్పాడు. ఆ గోడల మధ్య గంటకి పైనే నడిచాడు.

పన్నెండు కావొస్తుంటే అమ్మ వచ్చి "నాన్న ఏడిరా?" అంది. అప్పుడు గుండె ఒకసారి జారింది. నేను చెప్పులేసుకుంటుంటేనే తెలీని నంబర్ నుంచి ఫోన్. అవతల మనిషికి ఇంగ్లీషు సరిగా రాదు, నాకు స్పానిష్ రాదు. "పాపా, పాపా, వెరీ హాట్, కమ్" అంటున్నాడు. స్పానిష్‌లో పాపా అంటే నాన్న అని నాకు ఆరోజే తెలిసింది. నంబరెలా దొరికింది అంటే, అమ్మ నాన్న జేబులో ఒక చీటీ పెట్టింది, నా ఫోన్ నంబర్ రాసి. తప్పిపోయే చిన్నపిల్లాడా అని నేనే ఎగతాళి చేశాను దిగినరోజు.

వెళ్ళేసరికి లాన్లు, చెట్లు కత్తిరించే పనివాళ్ళ ట్రక్కు ఒకటి ఆగి ఉంది. వేసవిలో వాళ్ళు తెల్లవారుజామున ఐదింటికి పని మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా సర్దేసుకుంటారు. సర్దుకుంటూనే చూశారట, గోడకి ఆనుకుని ఒక పెద్దాయన కింద కూర్చుని ఉన్నాడని. ట్రెయిలర్ నీడలోకి తెచ్చి, వాళ్ళు తాగడానికి తెచ్చుకున్న నారింజ రంగు డ్రమ్ములోని ఐసు నీళ్ళు ఆయన తల మీద, ఛాతీ మీద పోస్తున్నారు. ఒకతను అట్టముక్కతో విసురుతున్నాడు. నేను పక్కన కూర్చుని "నాన్నా" అన్నాను. ఆయన నన్ను చూసి, "మోటారు ఆపేశావా?" అన్నాడు.

ఏ మోటారు నాన్నా అన్నాను. "కరెంటు పోద్ది, ఆపి రా" అన్నాడు. తోటలో ఉన్నాననుకుంటున్నాడు.

నాకు అంతవరకు వడదెబ్బ అంటే కళ్ళు తిరగడం, వాంతులు, అంతే. మాట తేడా వచ్చిందంటే అప్పటికే మెదడుకి వేడి తగులుతోందని అర్థం, అది ఇంట్లో పడుకోబెట్టి నిమ్మకాయ నీళ్ళిచ్చే వ్యవహారం కాదు. నేను వెళ్ళేసరికే వాళ్ళు 911కి ఫోన్ చేసేశారు. ఇక్కడొకటి దాచకుండా చెప్తాను. అంబులెన్స్ సైరన్ వినపడగానే నా బుర్రలో మొదట వచ్చింది బిల్లు. విజిటర్ ఇన్సూరెన్స్ దీనికి ఎంత ఇస్తుంది, నేనే కారులో తీసుకెళ్ళుంటే సరిపోయేదేమో అని. నాలుగైదు సెకన్లే. కానీ వచ్చింది. వాళ్ళు ఫోన్ చేయకపోయుంటే నేను చేసేవాడినా, లేక కారెక్కించుకుని ఏసీ పెట్టుకుని బయల్దేరేవాడినా అన్న ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదు.

అంబులెన్స్ వాళ్ళు చూసినప్పుడు ఒంటి వేడి 104. అంటే 40 సెల్సియస్. అదీ వీళ్ళు పావుగంట నుంచి ఐసు నీళ్ళు పోస్తున్నాక. చంకల్లో, గజ్జల్లో ఐసు ప్యాకులు పెట్టారు, సెలైన్ ఎక్కించారు. హాస్పిటల్లో మూడు రోజులున్నాం. రక్తంలో సోడియం పడిపోయింది, కిడ్నీల రిపోర్టు మొదటిరోజు బాగోలేదు, తర్వాత సర్దుకుంది. అరచేయి ఒకటి బొబ్బలెక్కింది. ఎండదెబ్బకి కాదు, కూర్చునేటప్పుడు కాంక్రీటు మీద చెయ్యి ఆన్చినందుకు. ఇక్కడ వేసవిలో నేల మీద పడి కాలినవాళ్ళు హాస్పిటళ్ళలో చేరడం ప్రతి ఏడూ ఉండేదే. తారురోడ్డు 160 ఫారెన్‌హీట్ దాటి కాగుతుంది, అంటే 70 సెల్సియస్ పైమాటే. కాబట్టి మనవాళ్ళకి చిన్న మాట, గుడి దగ్గర చెప్పులు విప్పే చోటు నుంచి గుమ్మం దాకా ఉండే ఆ ఇరవై అడుగులకి సాక్సులు తీసుకెళ్ళండి. భక్తికి భంగం ఏమీ రాదు.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఏ మందులు వాడతారు అని. నాన్న బీపీ మాత్రలో ఒంట్లో నీళ్ళు బయటికి పంపే మందు కూడా ఉంది. అది మా ఎవ్వరికీ తెలీదు. పదేళ్ళుగా వేసుకుంటున్నాడు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నుంచి అందరూ "బీపీ బిళ్ళ" అనే అంటారు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. వీటికి తోడు ఆ మాత్ర. దానికి తోడు గాలి. మాత్ర మానేయమని నేను చెప్పట్లేదు, సొంతంగా అస్సలు మానొద్దు. బయల్దేరేముందే మీ డాక్టర్‌కి "వేడి, పొడి ఊరికి వెళ్తున్నాం" అని చెప్పి అడగండి. ఆ ఒక్క ప్రశ్న నేను అడిగించలేదు.

రెండోరోజు రాత్రి నాన్న మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూ తనే అన్నాడు. "మనూర్లో అయితే నేను ఆ టైమ్‌కి బయటికి పోను కదరా." నిజమే! నలభై ఏళ్ళలో మే నెల పదకొండు గంటలకి ఆయన రోడ్డు మీద నడిచిన రోజు లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున నాలుగింటికి తోటకి, తొమ్మిదికల్లా చద్దన్నం తిని చెట్టు కిందకి. ఒకవేళ పొరపాటున పోతున్నా దారిలో నలుగురు ఆపుతారు. "యాడికి మావా ఈ ఎండలో, కూసో" అని అరుగు మీదకి లాగుతారు. మంచినీళ్ళ చలివేంద్రం ఉంటుంది. నేను వీడియోలో గొప్పగా చెప్పుకున్న "ఎండ తట్టుకునే శక్తి" ఉంది చూశారూ, అది మా ఒంట్లో ఎంత ఉందో తెలీదు కానీ ఆ అరుగుల్లో, ఆ చెట్టు కింద, ఆ తిట్లలో చాలా ఉంది. మేము వాటన్నిటినీ అక్కడ వదిలేసి ధీమా మాత్రం విమానం ఎక్కించుకొచ్చాం.

ఒళ్ళు కొత్త ఎండకి అలవాటు పడదా అంటే పడుతుంది. వారం నుంచి రెండు వారాలు పడుతుంది, రోజూ కొంచెం కొంచెంగా బయటికి వెళ్తే. చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కానీ ఏసీలో కూర్చుని అలవాటు పడటం అనేది ఉండదు. దిగిన వారంలోపే పెద్దవాళ్ళు దెబ్బ తింటే అందులో వింతేమీ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏం మారిందో చెప్తాను. పెద్ద సైన్స్ ఏమీ కాదు.

గడియారం మారింది. మే నుంచి సెప్టెంబరు దాకా మా వాకింగ్ పొద్దున నాలుగున్నరకి. అరిజోనాలో చాలా చోట్ల మిగతా అమెరికాలా గడియారాలు ముందుకీ వెనక్కీ జరపరు. సాయంత్రం ఇంకో గంట ఎండ ఎవరికి కావాలి అని, సమంజసమే! నాలుగున్నరకి బయటికొస్తే ఊరంతా అప్పుడే బయట ఉంటుంది, కుక్కల్ని తిప్పేవాళ్ళు, పిల్లల బళ్ళు తోసేవాళ్ళు. ఏడు దాటాక ఒక్కరూ కనపడరు. ఇక్కడ మనుషులు వేసవంతా ఇంట్లో ముడుచుకుని నవంబరు నుంచి మార్చి దాకా బయట బతుకుతారు. చలిదేశాల లెక్క తిరగేసినట్టు. ఈ సంగతి ముందే అర్థమైతే మీ అమ్మానాన్నలకి టికెట్లు ఏ నెలలో తీయాలో నేను చెప్పక్కర్లేదు.

నీళ్ళు. దాహమేసినప్పుడు తాగుదాం అనుకుంటే ఇక్కడ అప్పటికే ఆలస్యం. చెమట కనపడదు కాబట్టి వేరే మీటరు పెట్టుకోవాలి. నాన్నకి డాక్టరమ్మ చెప్పింది మూత్రం రంగు చూసుకోమని, లేత పసుపు ఉంటే సరే, ముదిరితే తాగాలి. ఇంకో గుర్తు నేను కనిపెట్టింది, నల్ల టోపీ. గంట బయట తిరిగొచ్చి చూస్తే టోపీ పొడిగానే ఉంటుంది, దాని మీద తెల్లగా ఉప్పు చారలుంటాయి. నీళ్ళు పోయాయనడానికి సాక్ష్యం అదే. ఉప్పు కూడా పోతోంది కాబట్టి ఒట్టి నీళ్ళు కడవలకొద్దీ తాగడమూ ప్రమాదమే, సోడియం ఇంకా పలచబడుతుంది. మా అమ్మ ఉప్పేసిన పలచటి మజ్జిగ ఇక్కడ ఏ రంగు రంగుల డ్రింకుకీ తీసిపోదు. అది లేనిరోజు లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, మన పాత ఓఆర్‌ఎస్ లెక్క. బీపీ, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పయినా నీళ్ళయినా ఎంత తీసుకోవాలో డాక్టర్నే అడగండి.

ఫ్యాన్ గురించి చాలామందికి తెలీదు. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి 45 ఉన్నప్పుడు ఫ్యాన్ వేస్తే అది పొయ్యి దగ్గర ఊదుగొట్టం లాంటిది, వేడిని తెచ్చి మీద పోస్తుంది. అందుకే ఇంట్లో ఏసీ పోతే "ఫ్యాన్ ఉందిగా, రేపు మెకానిక్ వస్తాడులే" అనుకోకూడదు. ఆ పూటే లైబ్రరీకో, మాల్‌కో, స్నేహితుల ఇంటికో వెళ్ళిపోవాలి. మొదట చెప్పిన ఆ నాలుగో వంతు మంది గుర్తున్నారా? అక్కడే.

కూలర్ సంగతి వేరు, అది నీళ్ళు ఆవిరి చేసి చల్లబరుస్తుంది. ఇక్కడ పాత ఇళ్ళ కప్పుల మీద కనపడతాయి. మన హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో కూలర్ బాగా పనిచేసి, విజయవాడలో అంతగా పనిచేయనట్టే, ఇక్కడ జూన్‌లో దివ్యంగా ఉంటుంది, జులైలో తేమ రాగానే చేతులెత్తేస్తుంది.

కారు దగ్గర అలవాట్లు మీకే వచ్చేస్తాయి. పార్కింగ్‌లో దగ్గర చోటు చూడం, నీడ చోటు చూస్తాం, ఎంత దూరమైనా సరే. సీటుబెల్టు ఇనప బిళ్ళ ఒకసారి తగిలితే జన్మలో మర్చిపోరు. బ్యాటరీ రెండేళ్ళకే చచ్చిపోతుంది, ఎండలో కారు ఆగిపోతే అదే ఇంకో నాన్న కథ అవుతుంది కాబట్టి డిక్కీలో నాలుగైదు లీటర్ల నీళ్ళు ఎప్పుడూ ఉంచండి. చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేన్నీళ్ళొస్తాయి, ఆగస్టులో అసలు గీజరెందుకా అనిపిస్తుంది.

పొడి గాలికి ముక్కులోంచి రక్తం రావడం, మడమలు పగలడం, తలుపు గుబ్బ ముట్టుకుంటే షాక్ కొట్టడం, ఇవి చిన్న బాధలు. రాత్రి పడుకునేముందు ముక్కులో చిన్న నూనె చుక్క, ఒంటికి స్నానం చేసిన తడి మీదే కొబ్బరినూనె. మా ఆవిడ కొన్న ఖరీదైన క్రీములన్నీ ఇప్పుడు వరసగా బాత్రూంలో అలంకారానికున్నాయి.

ఈ గాలిని ఒక్క మనిషి మాత్రం ప్రేమించింది, మా అమ్మ. బట్టలు అరగంటలో ఆరిపోతాయి. దోసెల పిండి గరాజ్‌లో పెడితే మూడు గంటల్లో పొంగి, నాలుగో గంటకి పులిసిపోతుంది, కాబట్టి అలారం పెట్టుకుని పెట్టింది. నాన్న ఇంటికొచ్చాక, కాస్త మనసు కుదుటపడ్డాక, మెక్సికో నుంచి వచ్చిన పచ్చి మామిడికాయలు తెచ్చి మాగాయకి ముక్కలు ఎండబెట్టింది. మనూర్లో రెండు మూడు రోజులు ఎండాలి కదా. పొద్దున పెట్టి సాయంత్రం చూస్తే వరుగులై, కొరికితే పన్ను ఊడేలా ఉన్నాయి. ఆ వారంలో మేమందరం మొదటిసారి నవ్వింది అప్పుడే.

జులై మొదటివారంలో ఒక సాయంత్రం దక్షిణం నుంచి మట్టిగోడ లేచింది. దీన్ని హబూబ్ అంటారు, దూరంగా వానలు కురిసిన మబ్బుల కింద నుంచి తోసుకొచ్చే గాలి ఎడారి దుమ్మునంతా ఎత్తుకొస్తుంది. 2011 జులై 5న వచ్చింది మైలు ఎత్తు లేచిందని చెప్తారు. మీరు డ్రైవింగ్‌లో ఉండగా వస్తే రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేక్ మీద నుంచి కాలు తీసి కూర్చోవాలి. లైట్లు వెలుగుతుంటే వెనకవాడు అదే దారనుకుని వచ్చి గుద్దుతాడు. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకి జబ్బు తెచ్చే ఫంగస్ ఉంటుంది, వ్యాలీ ఫీవర్ అంటారు. దుమ్ము తర్వాత రెండు వారాలకి జ్వరం, దగ్గు పట్టుకుని వదలకపోతే డాక్టర్‌కి ఈ పేరు చెప్పి పరీక్ష అడగండి. ఇండియా వెళ్ళాక వచ్చినా అక్కడి డాక్టర్‌కి ఈ ఊరి పేరు చెప్పండి, లేకపోతే టీబీ అనుకునే అవకాశం ఉంది.

ఆ మట్టిగోడ వెనకే చినుకులు పడ్డాయి. ఇక్కడ క్రియోసోట్ అని ఒక పొద ఉంది, వాన తగిలితే దాని ఆకుల జిగురు వాసన ఊరంతా వేస్తుంది. నాన్న చెయ్యికి కట్టుతోనే గరాజ్ తలుపు తీయించి అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మన మట్టి వాసన కాదుగానీ, బాగుంది" అన్నాడు.

వాళ్ళు ఆగస్టులో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నాన్న ఒకటే అడిగాడు, ఆ పనివాళ్ళని చూపించమని. కంపెనీ పేరు ఆ హడావుడిలో చూడలేదు, ఫోన్ వచ్చిన నంబర్‌కి చేస్తే ఎత్తలేదు. మంగళవారం మా వీధికి వచ్చే ట్రక్కులన్నీ ఆపి అడిగాను, వాళ్ళు కాదు. ఇప్పుడు వేసవిలో మంగళవారం పొద్దున మా గోడ బయట ఒక ఐసు పెట్టె పెడతాను, నీళ్ళ సీసాలతో. ఎవరు తీసుకుంటారో తెలీదు, మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది. నాన్న రోజూ ఫోన్‌లో అడుగుతాడు, ఇవాళ అక్కడ ఎంత కొట్టింది అని. నేను చెప్తాను. ఆయన మాచర్లలో ఎంతో చెప్తాడు. మంగళవారం అయితే ఇంకో ప్రశ్న ఉంటుంది, పెట్టె పెట్టావా అని.

వచ్చే ట్రిప్పుకి టికెట్లు నవంబరు ఆఖరికి తీశాను. వచ్చే ఎపిసోడ్‌లో ఇక్కడి కరెంటు బిల్లుల సంగతి మాట్లాడుకుందాం, మధ్యాహ్నం మూడు దాటాక ఏసీ వేస్తే ఏమవుతుందో చూద్దురుగాని. ఉంటానండీ.